కుర్చీలో ఖాయమైన సీటు

అలా కాదే మనవరాలా, ఆ మొదటి ముక్క కొట్టేయి. నువ్వు డాక్టరుతో మొదలుపెట్టావు. ఈ కథ డాక్టరుతో కాదు, కుర్చీతో మొదలవుతుంది. గుండ్రంగా తిరిగేది, మీట నొక్కితే వెనక్కి వాలేది, తోలు చిరిగిన చోట ప్లాస్టరు వేసింది. ఆ, అలా రాయి.

ఆ కుర్చీ ఒక సెలూన్‌లో ఉండేది. సెలూన్ నడిపే మనిషిని వీధి వీధంతా మెత్తచేతులాయన అనేది. ఆయన వేళ్ళు నెత్తి మీద పడితే చాలు, ఎంతటివాడికైనా కళ్ళు మూతలు పడేవి. కోర్టు గుమస్తాలు, బస్సు డ్రైవర్లు, మర్నాడు పెళ్ళి పెట్టుకున్న పెళ్ళికొడుకులు, అందరూ ఆ కుర్చీలో గుర్రు పెట్టినవాళ్ళే. ముప్పై ఏళ్ళలో తన చేత మెలకువగా గడ్డం గీయించుకున్నవాడు ఒక్కడూ లేడని ఆయనకు చెప్పరానంత గర్వం. ఆ సంగతి గుర్తుపెట్టుకోవలసిన రోజున మాత్రం శుభ్రంగా మరిచిపోయాడు.

ఆ రోజు సోమవారం. పొద్దున్నే సెలూన్ వెనక గదిలో ఆయన కూతురు ఉతికిన తువాళ్ళు మడతపెడుతోంది. ఆ గదిలోనే, ఆ తువాళ్ళ దొంతర్ల మధ్యే కూర్చుని, రెండేళ్ళపాటు మెడికల్ కాలేజీ పరీక్షకు చదివింది. మార్కులు వచ్చాయి. అయిదు వందల ముప్పై ఒకటి. కిందటేడు ఆఖరి సీటు దొరికిన కుర్రాడికి అయిదు వందల నలభై. సీట్ల జాబితా రావడానికి ఇంకా వారం ఉంది. ఈలోగా ల్యాబ్ టెక్నీషియన్ కోర్సువాళ్ళు సీటు ఇస్తామని ఉత్తరం రాశారు. ఆ సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా సర్టిఫికెట్లు తెచ్చి అప్పగించాలి. అప్పగిస్తే కోర్సు పూర్తయ్యేదాకా వెనక్కి ఇవ్వరు, డాక్టరు చదువు మాట మరిచిపోవాలి. అప్పగించకపోతే చేతిలో ఉన్నదీ పోతుంది.

"నీ లెక్క ఏం చెబుతోంది తల్లీ?" అని అడిగాడు తండ్రి.

"పదింటికి మూడు నాన్నా. అయిదేళ్ళ జాబితాలు ముందేసుకుని చూశాను. నాలాంటివాళ్ళు పదిమంది ఉంటే ముగ్గురికి వస్తుంది, ఏడుగురు ఇంటికి వస్తారు. ల్యాబ్‌లో చేరిపోతాలే. రక్తం పరీక్ష చేయడం మాత్రం మంచి పని కాదా ఏం."

అంటూ ఇంకో తువాలు మడతపెట్టింది. అది అప్పటికే మడతపెట్టిన తువాలు. తండ్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఊరుకున్నాడే గానీ, ఆయన మనసులో ఒక పథకం ఉంది. ప్రతి నెలా మొదటి సోమవారం పది గంటలకు పెద్దడాక్టరు గారు క్షవరానికి వస్తారు. మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతారు, పిల్లల్ని చేర్చుకునే కమిటీలో కూడా కూర్చుంటారు. ఆయన్ని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది.

"ఏమండీ, సీటు ఇప్పించమని మాత్రం అడక్కండి," అంది భార్య. "పిల్ల పరువు పోతుంది. వస్తుందా, రాదా, అంతే అడగండి."

"అంతే అడుగుతాను."

"కత్తి మెడ మీద ఉన్నప్పుడు అడక్కండి. బెదిరించినట్టుంటుంది."

ఇది మంచి సలహాయే. కొంపలు ముంచింది కూడా ఈ సలహాయే.

పెద్దడాక్టరు గారు పదింటికల్లా వచ్చారు. రాత్రంతా ఆస్పత్రిలో డ్యూటీ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కానివ్వు" అని ఒక్క మాట అని కుర్చీలో కూలబడ్డారు. మెత్తచేతులాయన జుట్టు కత్తిరించాడు. నురగ పట్టించాడు. ఎడమ చెంప గీశాడు. అప్పుడు భార్య మాట గుర్తొచ్చి కత్తి తీసి దూరంగా పెట్టాడు. డాక్టరు గారి కళ్ళ మీద వేడి తువాలు కప్పాడు. తల వెనక రెండు వేళ్ళు ఆనించి, గొంతు సవరించుకుని అడిగాడు.

"సార్, అయిదు వందల ముప్పై ఒకటి వస్తే మెడికల్ సీటు వస్తుందంటారా?"

డాక్టరు గారి తల మెల్లగా ముందుకు వంగి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

మెత్తచేతులాయన ఇంకా దగ్గరగా వంగాడు. "ఖాయమేనా సార్?"

ఈసారి గడ్డం గుండెకు తగిలేదాకా వంగింది. ఆ పైన "మ్‌మ్" అని శబ్దం కూడా వచ్చింది.

కుడి చెంప నురగలోనే ఉండిపోయింది. మెత్తచేతులాయన తెర తోసుకుని వెనక గదిలోకి పరుగెత్తాడు. "వచ్చేసింది! ఖాయమన్నారు!"

"నోటితో అన్నారా?" అంది కూతురు.

"మూతి నిండా నురగ ఉంటే నోటితో ఎలా అంటారే? తల ఊపారు. రెండుసార్లు. రెండోసారి ఇంకా గట్టిగా."

భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆ కళ్ళతోనే పక్కనున్న దర్జీ దుకాణంలోకి వెళ్ళింది. దర్జీ టేపు మెడలో వేసుకుని వచ్చేశాడు. "తెల్లకోటు నేనే కుడతా అక్కా. చేతులు కాస్త పొడుగు పెడతా. చదువు అయిదేళ్ళు కదా, పిల్ల ఎదుగుతుంది."

"నాకు పద్దెనిమిదేళ్ళు బాబాయ్, ఇంక ఎదగను," అంది కూతురు.

"డాక్టర్లు ఎదుగుతారమ్మా," అని దర్జీ భుజం కొలత తీసుకున్నాడు.

ఇదంతా సెలూన్ బల్ల మీద కూర్చుని ఇంకొకాయన చూస్తున్నాడు. ఆయన మెత్తచేతులాయన బావమరిది. పదో తరగతి రెండుసార్లు తప్పి, ఆ తర్వాత చదువు జోలికి పోకుండా, రోజూ బావ సెలూన్లో పేపర్లో బొమ్మలు చూసి వెళ్ళే మనిషి. మనసు వెన్న. కాకపోతే ఎవరూ చెప్పని పని అందరికంటే ముందు చేసిపెట్టే హుషారు. ఆయన చప్పుడు చేయకుండా లేచి, ఎదురుగా ఉన్న మందుల షాపుకి వెళ్ళాడు. అక్కడ ఫోనుంది.

కాసేపటికి మందుల షాపు యజమాని కూడా సెలూన్లో ఉన్నాడు. "మా పక్క గది ఖాళీయే. డాక్టరమ్మ బోర్డు అక్కడే పెట్టాలి. మాటంటే మాట," అన్నాడు. ఆయన వెనక సెలూన్ గది అద్దెకిచ్చిన ముసలావిడ వచ్చింది. ఆమె వెనక రిటైరైన బస్సు డ్రైవరు వచ్చాడు. అందరూ గోడవారగా నిలబడి, తువాలు కప్పుకున్న పెద్దడాక్టరు గారిని భక్తిగా చూశారు.

ఇంత పెద్దాయన ఇంత దగ్గరగా, పైగా మంచి మూడ్‌లో దొరికాక ఊరుకుంటారా? ముందు దర్జీ గొంతు తగ్గించి అడిగాడు. "అయ్యా, మావాడు తొమ్మిదో తరగతి. వాడికీ సీటు వస్తుందాండి?"

తల ఊగింది.

దర్జీ చేతులెత్తి దండం పెట్టాడు. ముసలావిడ అతన్ని పక్కకు నెట్టింది. "బాబూ, ఈ మోకాలు కోయించుకోకుండా తగ్గుతుందా?"

తల ఊగింది. ఆవిడ అప్పటికప్పుడే రెండడుగులు కుంటకుండా వేసింది.

డ్రైవరు వంతు వచ్చింది. "రోజుకి రెండు సిగరెట్లు తాగొచ్చా సార్?" తల ఊగింది. "మూడు?" ఊగింది. "నాలుగు?" అలా పెంచుకుంటూ పోయి, తొమ్మిది దగ్గర ఆయనే భయపడి ఆగాడు.

"ఎంత పెద్దవాళ్ళో, మాట అంత పొదుపు," అన్నాడు మందుల షాపాయన.

కూతురు తెర పట్టుకుని అదంతా చూస్తోంది. ఆమెకు సంతోషంగానే ఉంది. ఎక్కడో ఒక ముల్లు మాత్రం గుచ్చుకుంటోంది. "నాన్నా, ఇంతసేపట్లో ఒక్కసారైనా కాదన్నారా?"

"ఎందుకంటారు? దేవుడిలాంటి మనిషి."

"ఒక్క నిమిషం." ఆమె కుర్చీ దగ్గరకు వెళ్ళింది. అప్పుడే ఫోను చేసి లోపలికి అడుగుపెట్టిన మేనమామ వైపు ఒకసారి చూసి, స్పష్టంగా అడిగింది. "సార్, పదో తరగతి రెండుసార్లు తప్పిన మా మామయ్యకి మెడికల్ సీటు వస్తుందా?"

డాక్టరు గారి తల ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు, నిండుగా ఊగింది.

"నాకా?" అన్నాడు బావమరిది. ఒక్క క్షణం ఆయన మొహం వెలిగిపోయింది కూడా.

ఎవరూ నవ్వలేదు. అప్పుడే తువాలు కింద నుంచి సన్నగా, సుఖంగా, ఒక గురక వినిపించింది.

కూతురు తువాలు అంచు ఎత్తి చూసి మళ్ళీ కప్పేసింది. "నిద్రపోతున్నారు నాన్నా. నువ్వే నిద్రపుచ్చావు."

మెత్తచేతులాయన తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళ గర్వం ఆయన మొహంలోంచి మెట్టు మెట్టుగా దిగిపోయింది. ముసలావిడ మోకాలు పట్టుకుని బల్ల మీద కూర్చుంది. డ్రైవరు పెట్టె తీసి, చెవి వెనక ఉన్న సిగరెట్టు అందులో పెట్టేశాడు.

"పోనీలెండి," అంది భార్య అందరికంటే ముందు తేరుకుని. "పదకొండున్నరే అయింది. సర్టిఫికెట్లు తీసుకుని ల్యాబ్ కోర్సు ఆఫీసుకి బయల్దేరండి."

బావమరిది నేల మీద పడి ఉన్న వెంట్రుకల్ని శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. "బావా, ఒక చిన్న విషయం."

"చెప్పు."

"ఆ ఆఫీసుకి ఫోన్ చేసి, మా మేనకోడలు డాక్టరవుతోంది, మీ సీటు అక్కర్లేదు, ఎవరైనా లేనివాళ్ళకి ఇచ్చుకోండి అని చెప్పేశాను. వాళ్ళు చాలా సంతోషించారు."

మెత్తచేతులాయన రోడ్డు దాటి ఫోను దగ్గరకు వెళ్ళాడు. అవతల ఆఫీసులో ఉన్నామె మంచి మనిషే. "అయ్యో, తర్వాతి వరుసలో ఉన్న అమ్మాయి ఇక్కడే కూర్చుని ఉందండీ. సర్టిఫికెట్లు ఇచ్చేసింది, సంతకం కూడా అయిపోయింది. పాపం సంతోషంతో ఏడ్చేసింది," అని చెప్పింది. ఆ ఏడ్చిన పిల్లను తలుచుకుంటే ఆయనకు అరవడానికి నోరు రాలేదు.

తిరిగి వచ్చి, ఖాళీగా ఉన్న రెండో కుర్చీలో కూర్చున్నాడు. తన సెలూన్లో తాను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అద్దంలో కూతురి మొహం చూడలేక కళ్ళు మూసుకున్నాడు. పదింటికి మూడు. ఇంక ఉన్నదల్లా అదే.

సరిగ్గా అప్పుడే పెద్దడాక్టరు గారు లేచారు. తువాలు తీసేసరికి అద్దంలో, తన ఎండిన నురగ వెనకాల, ఎనిమిది మొహాలు దిగాలుగా కనిపించాయి. "ఏమైంది? ఎవరు పోయారు?" అన్నారు.

మెత్తచేతులాయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"నేను తల ఊపానా?"

"ఇద్దరికి సీట్లు, మామయ్యకి ఇంకొకటి. ఒక మోకాలు, తొమ్మిది సిగరెట్లు," అంది కూతురు.

ఆయన డ్రైవరు వైపు తిరిగారు. "ఒక్కటి కూడా వద్దు." తర్వాత కూతురి వైపు తిరిగారు. "ఇప్పుడు మెలకువగానే చెబుతున్నా, విను. అయిదు వందల ముప్పై ఒకటి. వస్తుందనీ అనలేను, రాదనీ అనలేను. పదిమందిలో ముగ్గురికి రావచ్చు. జాబితా మార్కుల్నే చూస్తుంది, నేను చేయగలిగిందేమీ లేదు."

"తెలుసు సార్. చేయమని ఎవరూ అడగలేదు," అంది ఆమె.

తండ్రి నోరు తెరిచాడు. వెనక గదిలో పొద్దున్నే దొరికిన జవాబు కోసం ఇంత చేశాడా?

"ఇప్పుడేం చేస్తావమ్మా?" అడిగారు డాక్టరు గారు.

"ఏముంది సార్. ఆ ముగ్గురిలో ఒకళ్ళు నేనే కావచ్చుగా." ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో పొద్దుటి బరువు లేదు. రక్తం పరీక్ష కూడా మంచి పనే అని ఇంక ఎవరికీ నచ్చజెప్పనక్కర్లేదు. తండ్రి ఈసారి సరిగ్గానే చూశాడు.

కుడి చెంప మిగిలింది. డాక్టరు గారు కళ్ళు పత్తికాయల్లా తెరుచుకుని కూర్చున్నారు. ముప్పై ఏళ్ళలో ఆ కుర్చీలో మెలకువగా గీయించుకున్న మొదటి గడ్డం అది. అలవాటు లేక మెత్తచేతులాయన కత్తి జారి చిన్న గాటు పడింది. పటిక రాసింది కూతురే. "చెయ్యి మెత్తగా ఉంది," అన్నారు డాక్టరు గారు.

మొదటి జాబితాలో ఆమె పేరు లేదు. బావమరిది ఆ నెలంతా సెలూన్ గడప తొక్కకుండా, మందుల షాపు దగ్గర నిలబడి పేపరు బొమ్మలు చూశాడు. పై వరుసలో కొందరు వేరే కాలేజీలకు వెళ్ళిపోయారు. రెండో జాబితాలో చివర్నుంచి రెండో పేరు ఆమెది. సర్టిఫికెట్లు ఆ రోజు ల్యాబ్‌వాళ్ళ చేతిలో పెట్టి ఉంటే ఆ పేరు చూసుకుని ఏడవడం తప్ప చేయగలిగేదేమీ ఉండేది కాదు. మెత్తచేతులాయన రోడ్డు దాటి వెళ్ళి, బావమరిదిని చెయ్యి పట్టుకుని తెచ్చి, తిట్టకుండా, పొగడకుండా, కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు కత్తిరించాడు. బావమరిది రెండు నిమిషాల్లో గుర్రు పెట్టాడు.

దర్జీ కుట్టిన కోటుకు చేతులు పొడుగే అయ్యాయి. ఆమె మడిచి వేసుకుంది. పై చదువుకు ఏ విద్య ఎంచుకోవాలో అడిగినప్పుడు ఎక్కువ ఆలోచించలేదు. మత్తు డాక్టరు అయింది. ఆపరేషన్‌కి ముందు మనుషుల్ని నిద్రపుచ్చే పని, ఇంట్లో ఉన్న విద్యే. అడగవలసినవన్నీ వాళ్ళు నిద్రపోకముందే అడుగుతుందట.

ఆ బావమరిదికి ఇప్పుడు డెబ్బై దాటాయి. చదువు ఇప్పటికీ రాలేదు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని కథలు చెప్పి రాయిస్తున్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఇది మీ అత్తకు చదివి వినిపించు, తనకు సీటు తెప్పించింది ఎవరో ఇప్పటికైనా ఒప్పుకుంటుందేమో కనుక్కో. తల ఊపితే మాత్రం లెక్కలోకి తీసుకోకు, నోటితో చెప్పమను.