హ్యాండిల్ కింది పగులు

ఆ ఉదయం కేశవయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కల్లూరులో ఇల్లు వదిలి, పాత సైకిలెక్కి, వంతెన దాటి, ఎనిమిదిన్నరకల్లా కర్నూలులో తన కిరాణా అంగడి తెరవాలి. నలభై ఏళ్లుగా చేస్తున్న పనే. కాకపోతే బయలుదేరే ముందు ఫోను చూశాడు. అరవై ఏడేళ్ల మనిషి పొద్దున్నే చేయకూడని పనుల్లో అదొకటి.

కొడుకు ప్రదీప్‌కుమార్ ఇంటి గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. హ్యాండిల్‌ను ముందు ఫోర్కుకు బిగించి పట్టే వంపు ఇనుప ముక్క ఉంటుంది కదా, దాని పేరు స్టెమ్మట. పాత సైకిళ్లలో దానికి వెంట్రుకంత పగులు వచ్చి, ఒకనాడు ఉన్నట్టుండి పుటుక్కుమంటుందట. వీడియోలో ఒకాయన హ్యాండిల్‌తో సహా గాల్లోకి లేచాడు. సైకిలు ఆయన లేకుండానే ముందుకు పోయింది. కింద ప్రదీప్ రాశాడు: "నాయనా, నీ సైకిల్లో ఏమన్నా తేడా కనిపిస్తే ఆ పొద్దే పాత ఇనుముకు ఏసేస్తా."

ప్రదీప్‌కు సైకిళ్ల గురించి తెలియనిది లేదు. గేర్ల సైకిలు కొని ఆరు నెలలైంది మరి.

కేశవయ్య కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. ఏటా ఆయుధపూజకు భార్య ప్రమీలమ్మ ఆ సైకిలుకు పసుపు, గంధం దట్టంగా పూస్తుంది. పూజ చేసిన పసుపు తుడవకూడదని ఆయన ఎవరినీ కడగనివ్వడు. హ్యాండిల్ కిందంతా నూనె, దుమ్ము పట్టి నల్లబడింది. ఆ నలుపులో, సరిగ్గా వంపు దగ్గర, వెంట్రుకంత పగులు!

చెబితే సైకిలు పోతుంది. ఇక రోజూ కొడుకు మోటారుబండి వెనకాల కూర్చుని, వాడు రమ్మన్నప్పుడు రావాలి, పొమ్మన్నప్పుడు పోవాలి. చెప్పకపోతే పళ్లు పోతాయి. కేశవయ్య కాసేపు ఆలోచించి సైకిలు వైపే మొగ్గాడు. వంతెన అవతల మెకానిక్ ఏసేపు షాపుంది. గుట్టుగా అక్కడిదాకా పోతే చాలు.

వాకిట్లో ప్రమీలమ్మ చూస్తోంది కాబట్టి ఎక్కక తప్పలేదు. వీధి మలుపు తిరిగాక దిగి నడుద్దామనుకున్నాడు. కానీ దిగేటప్పుడు బరువంతా హ్యాండిల్ మీదే పడుతుంది కదా! బ్రేకు నొక్కినా పడుతుంది. అందుకని వేళ్ల కొసలతో హ్యాండిల్‌ను తాకీ తాకకుండా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, అలాగే తొక్కాడు. ప్రతి గుంతకూ ఒక దేవుడికి మొక్కాడు. దేవుళ్లు అయిపోతున్నారు, గుంతలు అవడం లేదు.

వంతెన మొదట్లో పూలమ్మే గంగక్కకు రోజూ చేయెత్తి పలకరించడం ఆయన అలవాటు. ఈరోజు చేయి లేవలేదు.

"ఏం శెట్టీ, పలకకుండా పోతాండావు?"

"ఊఁ," అన్నాడు కేశవయ్య, పళ్లు బిగించి. చెమటలు కారుతున్నాయి. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

రోజూ పూలిచ్చే ఇల్లు కాబట్టి గంగక్క దగ్గర ప్రమీలమ్మ నంబరుంది. వెంటనే ఫోను చేసింది. "అమ్మా, శెట్టికి చేయి లేస్తా లేదు! మాట పడిపోయినట్టుండాది! నోరు బిగించుకోని వంతెన ఎక్కుతాండాడు!"

ప్రమీలమ్మ ఫోను పడేసి, పక్షవాతమేనంటూ శోకం మొదలుపెట్టింది. ప్రదీప్ హెల్మెట్ మరిచి, చేతికందిన గేర్ల సైకిలెక్కి, షేర్ ఆటోలను దాటుకుంటూ ప్రాణాలకు తెగించి తొక్కాడు. వంతెన దిగుడులో తండ్రిని అందుకున్నాడు.

"నాయనా! ఒకసారి నవ్వు! నోరు వంకర పోతాందేమో చూస్తా!"

"నవ్వితే చస్తా!"

"పోనీ చేయెత్తు!"

"ఎత్తితే ఇద్దరం చస్తాం! దూరం పోరా!"

బుద్ధి కూడా పోయిందని తేల్చుకున్న ప్రదీప్, ఏడుపు ఆపుకోలేక తండ్రి చొక్కా పట్టుకున్నాడు. రెండు సైకిళ్లూ ఒకటిగా దిగుడంతా జారి, ఏసేపు షాపు ముందున్న పాత టైర్ల కుప్పలోకి దూసుకుపోయాయి.

"ఏంది శెట్టీ, తండ్రీకొడుకులు ఒకటేసారి వచ్చినారు?" అన్నాడు ఏసేపు లేచి నిలబడి.

కేశవయ్య పళ్లు తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి. ఇక దాచలేక పగులు చూపించాడు. "నేను చెప్పలా?" అన్నాడు ప్రదీప్.

ఏసేపు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, స్క్రూడ్రైవరుతో గీకాడు. నల్లని పెచ్చు ఊడింది. దాని కింద పచ్చని పెచ్చు. దాని కింద ఇంకొకటి.

"ఇది ఇనుము గాదు శెట్టీ. అమ్మ పూసిన పసుపు. నలభై దసరాల పసుపు ఎండి పగిలింది." పానాతో కొడితే లోపలి స్టెమ్ ఖంగుమంది. "ఇనుముకేం కాలేదు. దిట్టంగా ఉండాది."

ప్రదీప్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పసుపుకు భయపడినావా నాయనా!"

"పాతదైనా కొత్తదైనా తుడిచి చూడాలప్పా," అంటూ ఏసేపు అదే గుడ్డతో గేర్ల సైకిలునూ తుడిచాడు. స్టెమ్ దగ్గర అతని చేయి ఆగింది. గోరు పెట్టి చూశాడు. హ్యాండిల్‌ను కొంచెం అటూ ఇటూ తిప్పాడు. టక్కుమని అది అతని చేతిలోకి వచ్చేసింది.

"ఇది మాత్రం పసుపు గాదు," అన్నాడు ఏసేపు. "పోత పోసేటప్పుడే లోపల బుడగ నిలిచింది, చూడు. మొదటినుంచీ బోలే."

ప్రదీప్ వంతెన దిగుడు వైపు చూశాడు. నవ్వు పోయింది, టైరు మీద కూలబడ్డాడు. ఉదయం నుంచి కేశవయ్య పడిన భయమంతా ఒక ఎత్తు, ఇప్పుడు కలిగిన భయం ఒక ఎత్తు. కొడుకు తల రెండు చేతులా పట్టుకుని, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని మూడుసార్లు తడిమి చూశాడు.

అంగడి ఆ పూట తెరవలేదు. కేశవయ్య పాత సైకిలు తొక్కుతుంటే, వెనక క్యారియరు మీద ప్రదీప్ తండ్రి నడుము గట్టిగా పట్టుకుని ఇల్లు చేరాడు. దారిపొడవునా ఒకటే మాట: "మెల్లగా, నాయనా, మెల్లగా."

గంగక్క చేయెత్తింది. కేశవయ్యా చేయెత్తాడు.

సాయంత్రం ప్రమీలమ్మ ఇద్దరికీ దిష్టి తీసి, పాత స్టెమ్‌కు మళ్లీ దట్టంగా పసుపు పూసింది. ఈసారి పగలకుండా కాస్త నూనె కలిపింది.