గోడకు చెవుల్లేవన్న అల్లుడు

ఆ ఉదయం అల్లుడి పథకం చాలా సులువైనది. భార్యతోపాటు అత్తమామల్ని తమ కంపెనీ కట్టిన నమూనా ఇంటికి తీసుకెళ్లాలి, గోడలు చూపించాలి, సరేననిపించాలి. ఉద్యోగంలో చేరాక అతను ఇంకా ఒక్క ఇల్లూ అమ్మలేదు. "ఈసారీ చేతులూపుకుంటూ వస్తే ఇక రానక్కర్లేదు" అని మేనేజరు మొహమ్మీదే చెప్పేశాడు.

ఇల్లంటే ఇటుకల ఇల్లు కాదు. రెండు చెక్కపలకల మధ్య గట్టి నురుగు నింపి, ఫ్యాక్టరీలోనే కొలత ప్రకారం కోసి తెచ్చే ప్యానెళ్లు. నిలబెట్టి బిగించుకోవడమే. మామగారు గోడను వేలితో టకటకా కొట్టి పెదవి విరిచారు. "అట్టపెట్టెలా ఉందిరా అబ్బాయ్. ఈ గదిలో ఆవలిస్తే ఆ గదిలో నిద్రొచ్చేట్టుంది!"

అల్లుడికి పౌరుషం పొడుచుకొచ్చింది. "గోడలకు చెవులుంటాయన్నది పాతమాట మావయ్యగారూ! మీరు ముగ్గురూ పక్కగదిలో కూర్చోండి. నేనిక్కడ తలుపేసుకుని అరుస్తాను. ఒక్క ముక్క వినబడినా కొనొద్దు!"

మామగారు, అత్తగారు, అతని భార్య పక్కగదిలోకి వెళ్లారు. ఏమని అరవాలో అల్లుడికి తోచలేదు.

"వింటే ఊరుకోలేని మాటేదైనా అనండి. వినబడిందో లేదో మొహాల్లోనే తెలిసిపోతుంది" అన్నాడు, అమ్మకం ఎలా సాగుతుందో చూద్దామని వెంటవచ్చిన మేనేజరు.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మా మామగారు గురక పెడితే వీధి చివర కుక్కలు లేచి కూర్చుంటాయి!"

తలుపుకున్న అద్దంలోంచి చూస్తే మామగారు కళ్లు మూసుకుని తాపీగా కూర్చున్నారు. వినబడలేదు! ఇక పట్టపగ్గాల్లేవు. "ఆయన ఉద్యోగం కబుర్లు వినీ వినీ నా చెవులు తుప్పుపట్టాయి!"

భార్య లేచి రెండు చేతులూ ఊపింది. "ఇంకా గట్టిగా అనమంటున్నారు" అన్నాడు మేనేజరు.

"అత్తగారి వంట తిన్నరోజు ఇంటికెళ్లి మళ్లీ వండించుకుంటాను!"

భార్య తలబాదుకుంటూ తలుపు తోసుకుని వచ్చింది. "ఏవండీ, నోరు మూయండి! గోడలోంచి కాదు, ఆ కన్నంలోంచి వినబడుతోంది!"

కరెంటు తీగలు లాగడానికి ప్యానెల్ నురుగులో ఫ్యాక్టరీలోనే దారి తొలిచి పంపుతారు. స్విచ్చిబోర్డు ఇంకా బిగించలేదు. ఆ దారికి ఈ కొస అల్లుడి నోటి దగ్గర, ఆ కొస మామగారి చెవి దగ్గర.

మేనేజరుకి ఉన్నట్టుండి బయట పనిపడింది. అల్లుడు సిగ్గుతో చచ్చిపోయాడు. భూమి చీలితే దూరిపోదామనుకున్నాడు గానీ, నేల కూడా ప్యానెలే. అది చీలదని పొద్దుట్నుంచీ తనే ఊదరగొట్టాడు.

అతను పక్కగదిలోకి వెళ్లేసరికి అత్తగారు ఒళ్లో క్యారియర్ పెట్టుకుని కూర్చుంది. "ఎండలో తిరుగుతావని పొద్దున్నే లేచి వండాను బాబూ" అంది, మూత తీయకుండానే.

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజానికి వంట అంత చెడ్డదేం కాదు, ఊపులో అనేశాడు. "తప్పయిపోయింది అత్తయ్యగారూ" అంటూ క్యారియర్ మూతకి చెయ్యి చాచాడు. ఉద్యోగం పోతుందన్న సంగతి కూడా ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

మామగారు లేచారు. "అల్లుడుగారూ, ఈ ఇల్లే తీసుకుంటున్నామండీ" అన్నారు. ఎన్నడూ లేనిది 'అండీ' అన్నారు.

"వినబడితే కొనొద్దన్నాను కదా మావయ్యగారూ!"

"వినబడింది కాబట్టే. ఇన్నాళ్లూ మీకు నోట్లో నాలుకే లేదనుకున్నాం. ఇకమీద మీరొస్తే పడుకునేది ఇందాక అరిచిన ఆ గదిలోనే, మేం ఈ గదిలో. ఆ కన్నం మాత్రం మూయించకండి."

ఇప్పుడు ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా అల్లుడు, దీపం ఆర్పేముందు గోడవైపు తిరిగి, అత్తగారి వంట అమోఘమని గట్టిగా చెప్పి పడుకుంటాడు.