నాలుగొందల గేదెల అదృశ్యం

"ఈ ఆత్మకూరులో నేరం జరిగితే, జరిగిన గంటకు పోలీసులకు తెలుస్తాది. నాకు మటుకు జరగబోయే గంట ముందే తెలుస్తాది" అని ప్రకటించి పెంచలప్రసాద్ కళ్లజోడు తుడుచుకున్నాడు. సరిగ్గా ఆ సమయానికే వీధిలో నిలబెట్టిన అతని సైకిల్‌ని ఎవరో తోసుకుపోతున్నారు. అరగంట వెతుకులాట తర్వాత తేలిందేమిటంటే, తోసుకుపోయింది అతని భార్య సుకన్య. గోధుమలు పిండి ఆడించుకురావడానికి.

పెంచలప్రసాద్ బతుకుతెరువు టైపు ఇన్‌స్టిట్యూటు, బతుకు మాత్రం అపరాధ పరిశోధన. ఒకప్పుడు అతని దగ్గర రెండు పూటలా కలిపి నలభై మంది మిషన్లు టకటకలాడించేవాళ్లు. పక్క గదిలో సైమన్ కంప్యూటర్ సెంటరు పెట్టాడు. తొంభై ఎనిమిది వేసవికల్లా ఆ నలభై మంది కాస్తా ఐదుగురయ్యారు. అయినా ఇద్దరికీ పొరపొచ్చాలు లేవు. ఎవరు టీ తెప్పించినా గోడకవతల వాడికీ ఒక గ్లాసు వెళ్లేది. టైపు మిషన్లకు కాలం చెల్లినా నేరానికి చెల్లదని పెంచలప్రసాద్ తనకు తానే ధైర్యం చెప్పుకునేవాడు. మధ్యాహ్నం పూట ఖాళీ బల్లల మధ్య ఒంటరిగా కూర్చున్నప్పుడు మాత్రం ఆ ధైర్యం ఎందుకో పూర్తిగా అందేది కాదు.

ఒకరోజు పొద్దున గోడకవతల నుంచి సైమన్ గొంతు వినపడింది.

"నాలుగొందల గేదెలు ఎక్కడికి పోతాయి జెస్సీ?"

పెంచలప్రసాద్ గ్లాసులో టీ గ్లాసులోనే వదిలేసి పక్కగదిలోకి నడిచాడు.

కంప్యూటర్ ముందు సైమన్ భార్య జెస్సీ కూర్చుని ఉంది. తెనాలి పిల్ల, పెళ్లయి ఏడాది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఉదయగిరి వైపు పల్లెల పశువుల లెక్కంతా కంప్యూటర్లో ఎక్కించమని పశువుల డాక్టరు చంద్రశేఖర్ వాళ్లకు పని అప్పజెప్పాడు. ఒక్కో పశువుకు ఒక్కో వరస. ఊరు, యజమాని, ఏ పశువు, వయసు, రోజుకు ఎన్ని పాలు. అట్లాంటివి ఆరు వేల వరసలు. ఇరవై రోజులు కూర్చుని కొట్టింది జెస్సీ. పశువు పేరు పూర్తిగా కొట్టే ఓపిక లేక ఆవుకు ఆ, గేదెకు గే, ఎద్దుకు ఎ అని పొడి అక్షరాలు పెట్టుకుంది.

ఆ ఆరు వేల వరసల్నీ పివట్ టేబుల్ అనేదానితో ఒక్క కాగితానికి మడిచింది. ఎడమవైపు ఊళ్ల పేర్లు లాగి పెట్టింది, పైన పశువులు, నడుమ ఎన్నేసి ఉన్నాయో ఆ అంకెలు. తలకట్లు లావు అక్షరాల్లో దిద్దింది. దాని కింద చార్టు వేసింది. ఆవుకు పసుపు, గేదెకు నలుపు, ఎద్దుకు ఇటుక రంగు. ఊరూరికీ మూడేసి కడ్డీలు లేచి చూడముచ్చటగా ఉంది, ఒక్క కొత్తగుంటపల్లె దగ్గర తప్ప. అక్కడ నల్ల కడ్డీ లేనే లేదు. ఇటుక రంగు కడ్డీ ఒక్కటే ఉదయగిరి కొండతో పోటీపడుతున్నట్టు లేచి నిలబడింది.

నిరుడు ఆ ఊళ్లో నాలుగొందల దాకా గేదెలున్నట్టు పాత కాగితాల్లో ఉందని సైమన్ చెప్పాడు. ఈ ఏడు సున్నా. కూడికలు మూడుసార్లు చూశాడు, తప్పు లేదు. ఆ ఊరి లెక్క రాసిన రామనారాయణ పంతులు సెలవులకు ఎటో పోయినాడు. డాక్టరేమో కొత్తగా వచ్చినవాడు, ఊళ్లు తెలియవు. వానలకు ముందు వేసే గొంతువాపు టీకాలు ఏ ఊరికెన్నో ఆ నల్ల కడ్డీలు చూసే పంచుతాడు. రేపు పదింటికి వస్తాడు.

"మా అమ్మ వాళ్లింట్లో రెండు రోజుల్లో మూడు గేదెలు పోయాయండీ ఆ జబ్బుకి" అంది జెస్సీ. "నా కాగితం వల్ల ఇంకెవరివో పోకూడదు."

పెంచలప్రసాద్ తెర మీదికి వంగాడు. ఎద్దులెన్నని అడిగాడు. నాలుగొందల అరవై ఒకటి. నిరుడో? యాభై. అతను కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కేసు సగం తేలిపోయింది, కనీసం అతని వరకు.

"ఇది ఆషామాషీ ముఠా కాదు సైమనూ. గేదెల్ని తోలుకపోయి, ఎవరికీ అనుమానం రాకుండా వాటి చోట ఎద్దుల్ని కట్టేసి పోయినారు."

నాలుగొందల ఎద్దుల్ని సంపాదించగలిగినవాడికి గేదెల్ని దొంగిలించే ఖర్మేమిటని సైమన్ మెల్లగా అడిగాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, పెంచలప్రసాద్ అప్పటికే కండువా తలకు చుట్టుకుని మారువేషంలోకి దిగిపోయాడు.

మేకల బేరగాడి వేషం. లుంగీ, నల్ల కళ్లద్దాలు, చేతిలో కర్ర. ఉదయగిరి బస్సెక్కి, అక్కడ ఆటో పట్టుకుని ఎండ నడినెత్తికొచ్చే వేళకు కొత్తగుంటపల్లెలో దిగాడు. కొట్టాలన్నీ ఖాళీ. గుంజలకు ఉత్త పలుపులు వేలాడుతున్నాయి. వేపచెట్టు కింద రెండు జతల ఎద్దులు నెమరేస్తున్నాయి. ఒక్క గేదె కూడా కంటికి ఆనలేదు. అతని గుండె జల్లుమంది, భయంతో కాదు, ఆనందంతో. ఇన్నేళ్లకు అతని ఊహకు తగ్గట్టు లోకం నడుచుకుంటోంది.

పశువులన్నీ వాగు పక్కకు మేతకు పోయి ఉంటాయన్న ఆలోచన పశువులు లేనివాడికి ఎట్లా వస్తుంది?

అరుగు మీద కూర్చున్న పెంచలమ్మ అనే ముసలామె, ఎండనపడి వచ్చాడని జాలిపడి చెంబుడు మజ్జిగ ఇచ్చింది. చిక్కటి మజ్జిగ. రెండో చెంబు అడిగి మరీ తాగాడు. ఆ మజ్జిగ ఎక్కడిదన్న ప్రశ్న తప్ప మిగతా ప్రశ్నలన్నీ అతనికి తట్టాయి.

"అవ్వా, ఈ మధ్య ఊళ్లో కొత్త మనుషులు ఎవరైనా తిరగతా ఉండారా?"

పెంచలమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు తిరగతా ఉండావు గదా నాయనా."

సాక్షి నిజం దాస్తోందని పుస్తకంలో రాసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఎనుముల మంద అడ్డమొచ్చి బస్సు పావుగంట ఆగిపోయింది. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. పెంచలప్రసాద్ తలెత్తి చూడలేదు. 'గేదెల జాడ ఎక్కడా లేదు' అనే వాక్యాన్ని నివేదికలో ఎంత గంభీరంగా రాయాలా అని తంటాలు పడుతున్నాడు.

మర్నాడు పదింటికి డాక్టరు చంద్రశేఖర్ వచ్చేసరికి ఆరు పేజీల నివేదిక టైపు కొట్టి సిద్ధంగా ఉంది. పెంచలప్రసాద్ నిలబడి చదివాడు. డాక్టరు ముఖం పాలిపోయింది. ఊరికి టీకాల మాట తర్వాత, ముందు పోలీసులకు చెప్పాలి కదా అని ఫోన్ మీద చెయ్యి వేశాడు. సైమన్‌కు చెమటలు పట్టాయి. రేపు పోలీసులు జీపేసుకుని పోయి ఊరంతా నవ్వితే, ఆ నవ్వులో మొదటి పేరు తన సెంటరుదే.

"ఒక్క నిమిషం సార్. ఈ అంకె మీరు కళ్లారా చూడాల" అని పెంచలప్రసాద్ జెస్సీ చేతికిందినుంచి మౌస్ లాక్కున్నాడు.

అతను జన్మలో మౌస్ ముట్టినవాడు కాదు. పాతికేళ్లు మిషను మీట్లను బాదిన వేలది. బాణం గుర్తును ఎట్లాగో ఎద్దుల అంకె మీదికి ఈడ్చుకుపోయి, అలవాటుకొద్దీ టకటక అని రెండు దెబ్బలు వేశాడు.

తెర మీద టేబుల్ మాయమైంది. చార్టూ మాయమైంది. దాని చోట ఎక్కడిదో కొత్త కాగితం తెరుచుకుంది, నిండా వరసలు.

ఇరవై రోజుల కష్టం నాశనం చేశాననుకున్నాడు పెంచలప్రసాద్. చెయ్యి వీపు వెనక్కి దాచుకున్నాడు. గోడకవతల తన ఐదుగురు పిల్లలు మిషన్లు కొడుతున్న చప్పుడు వినిపించి, అక్కడికే పారిపోవాలనిపించింది.

జెస్సీ మాత్రం కదలకుండా తెర చూస్తోంది. ఆ ఒక్క అంకె వెనకున్న నాలుగొందల అరవై ఒక్క వరసలూ విడివిడిగా వచ్చి నిలబడ్డాయి. చివరి గడిలో రోజుకు పాలు. నాలుగు లీటర్లు. మూడు. ఐదు. మళ్లీ నాలుగు.

"ఏవండీ," అంది మొగుడితో నెమ్మదిగా, "ఎద్దులు పాలిస్తాయా?"

సైమన్ కొత్తగుంటపల్లె కాగితాల కట్ట విప్పాడు. ఎద్దు ఉన్నచోట రామనారాయణ పంతులు ఎద్దు అని పూర్తిగానే రాశాడు. మిగతా చోట్ల 'ఎ' రాసి చుక్క పెట్టాడు. సైమన్ తల పట్టుకున్నాడు.

"ఇది ఎద్దు గాదు జెస్సీ, ఎనుము. మావైపు గేదెను ఎనుమంటారు."

తెనాలిలో ఆ మాట ఎవరూ అనరు. కట్ట ముందేసుకుని, చుక్క ఉన్న చోటల్లా జెస్సీ 'గే' అని దిద్దింది. గంట పట్టింది. తర్వాత టేబుల్ దగ్గరికి వెళ్లి మళ్లీ లెక్క తీసుకోమని ఒక్క నొక్కు నొక్కింది. ఇటుక రంగు కడ్డీ కుంగిపోయి, దాని పక్కన నల్ల కడ్డీ నిగనిగలాడుతూ లేచింది. నాలుగొందల పన్నెండు గేదెలు, నలభై తొమ్మిది ఎద్దులు. డాక్టరు తన జాబితాలో కొత్తగుంటపల్లె ఎదురుగా ఉన్న సున్నా కొట్టేసి పక్కన నాలుగొందల పన్నెండు డోసులని రాసుకున్నాడు. జెస్సీ కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది.

ఆ అంకెను పగలగొట్టి లోపల చూడాలని మీకెట్లా తోచిందని డాక్టరు పెంచలప్రసాద్‌ని అడిగాడు.

పెంచలప్రసాద్ నాలుక చివరన పాతికేళ్లుగా సిద్ధంగా ఉన్న జవాబులు చాలా ఉన్నాయి. కానీ తుడుచుకున్న కళ్లతో జెస్సీ అతనివైపే చూస్తోంది.

"నేనేం చెయ్యలేదు సార్. వేలు జారింది."

డాక్టరు అతని భుజం తట్టాడు. నిజమైన తెలివి ఇట్లాగే అణకువగా ఉంటుందని సైమన్‌తో అన్నాడు. పెంచలప్రసాద్ ఒట్టు వేసి చెబితే, అణకువ ఇంకా పెరిగిందన్నారు. సాయంత్రానికి ఆ కబురు టీ కొట్టు దాటి ఇంటికి చేరింది. పెంచలప్రసాద్ సుకన్యను కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పి, నువ్వన్నా నమ్మమని బతిమాలాడు.

ఆమె రొట్టె తిరగేస్తూ అంది:

"ఇన్నేళ్లుగా మీరు చేసినానన్నది ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు చెయ్యలేదంటే మాత్రం ఎట్ట నమ్మేది?"