లెస్టర్ గారి స్టార్టర్

గురువారం పొద్దున లెస్టర్ పాస్కో వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, షెడ్డులో ఉన్న పాత హోల్డెన్ కారు బయటికి తియ్యాలి, శనివారం గుర్రప్పందేల కోసం దాన్ని తళతళా కడగాలి. టీ తాగాడు. షెడ్డులోకి వెళ్ళాడు. తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టిక్కు. తాళం ఉంది గాని రాగం లేదు.

దక్షిణ ఆస్ట్రేలియాలో గోధుమచేల మధ్య ఉన్న ఆ ఊరి పేరు మల్లీ క్రీక్. పేరుకు తగ్గట్టు అక్కడ ఏ పనైనా మళ్ళీ మళ్ళీ చెయ్యాల్సిందే. లెస్టర్ ఆ ఊరి ధాన్యపు గాదెల దగ్గర లారీల తూకం చూసే ఉద్యోగి. పొద్దస్తమానం తూచి తూచి ఆ రోగం ఒంటికి పట్టింది. రెండు చొక్కాలు చూపిస్తే ఈ చేత్తో ఒకటి, ఆ చేత్తో ఒకటి పట్టుకుని మధ్యాహ్నం దాకా బనీనుతోనే నిలబడతాడు.

"ఏమైంది?" వంటింటి కిటికీలోంచి అడిగింది భార్య మెరెడిత్.

"స్టార్టర్ పోయింది."

మెరెడిత్ కిటికీ వదిలి షెడ్డులోకొచ్చింది. ఆ కారు వాళ్ళ నాన్నది. అరవైనాలుగు మోడల్. ఆయన ఏటా పందేల రోజున దాన్ని గెలుపు గీత పక్కన కంచె దగ్గర నిలిపి, బానెట్ మీద కూర్చుని పందెం చూసేవాడు. ఆయన పోయాక కారు ఎవరిదన్న తగువు వచ్చి, అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. కారు మెరెడిత్ దగ్గరే ఉండొచ్చు. కాని ఏటా మొదటి పందెం వదిలేలోపు అది ఆ కంచె దగ్గరికి రావాలి. ఎవరూ తొయ్యకుండా, ఎవరూ లాగకుండా, సొంత ఇంజనుతో. రాని ఏడు అడిలైడ్‌లో ఉన్న తమ్ముడు డారిల్ దాన్ని పట్టుకుపోతాడు. పట్టుకుపోయి ఏం చేస్తాడో కూడా డారిల్ దాచుకోలేదు. ఊదారంగు వేయించి, వెనకాల విమానానికున్నట్టు ఒక రెక్క బిగిస్తాడట.

"ఊదారంగు," అంది మెరెడిత్. "మా నాన్న ఊదారంగు టై కట్టినవాడికి ఓటు కూడా వెయ్యలేదు. ఇవాళే కొత్త స్టార్టర్ తెప్పించు."

లెస్టర్ వెంటనే ఇంజన్ని తిప్పి లేపే ఆ పాత మోటారు విప్పి బల్ల మీద పెట్టి, పక్క ఊళ్ళో విడిభాగాలమ్మే కోస్టాకి ఫోన్ చేశాడు.

"ఎన్ని పళ్ళు?" అన్నాడు కోస్టా.

"నావా?"

"నీవెందుకు గురూ, నేనేం పెళ్ళి సంబంధం చూస్తున్నానా? మోటారు చక్రానికి. సరే, మూడు దార్లున్నాయి. ఉన్నదానికే మళ్ళీ తీగ చుట్టించొచ్చు. కొత్త రకం చిన్నది వెయ్యొచ్చు, పిట్టంత ఉంటుంది, పులిలా తిప్పుతుంది. లేదా తుక్కు దొడ్డిలో ఇంకో కారునుంచి ఊడదీసింది ఉంది. ఏది పంపను?"

ఒక్కటే ఉంటే లెస్టర్ బతికిపోయేవాడు. మూడనేసరికి తక్కెడకి ఎన్ని పళ్ళేలుండాలో తెలియక తల తిరిగింది. చుట్టిస్తే శనివారానికి రాదేమో. కొత్తది మామగారి కారులో కూర్చుంటే పూజారి నెత్తిన హెల్మెట్‌లా ఉంటుందేమో. తుక్కుదైతే అదీ టిక్కంటుందేమో. షెడ్డులో ఈ గోడనుంచి ఆ గోడకి తిరగడం మొదలుపెట్టాడు. కోస్టాకి ఫోన్ చేసి కొత్తదన్నాడు. మళ్ళీ చేసి పాతదన్నాడు. మూడోసారి చేస్తే కోస్టా, "నువ్వు ముందు నీ బుర్రకి స్టార్టర్ వేయించుకో" అన్నాడు.

శుక్రవారం తెల్లవారినా ఎంపిక కాలేదు. మెరెడిత్‌కి ఓపిక అయిపోయింది. ఊళ్ళోవాళ్ళంతా ఉండే ఫోన్ గ్రూపులో చకచకా కొట్టి పడేసింది: "పాత స్టార్టర్ ఖతం. వయసు అరవై పైమాటే. రేపు రేసులలోపు బదులు కావాలి. వివరాలకు లెస్టర్."

మొదట వచ్చింది పక్కింటి యూనా, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఒక గాజు జాడీ ఎత్తుకుని. జాడీలో తెల్లని పిండి బుడబుడమంటోంది. ఆవిడకి స్టార్టరంటే రొట్టెపిండి పులియడానికి వేసే తోడు.

"వీడి పేరు జెరాల్డ్," అంది యూనా. "రెండు పూటలా పిండి పెట్టు. బెంగపెట్టుకుంటే పొంగడు."

"దీంతో కారు..."

"కారిందా? గిన్నెలో పెట్టుకో, ఏం కాదు."

లెస్టర్ మర్యాదస్థుడు. జెరాల్డ్‌ని మోటారు పక్కన పెట్టాడు. ఒకటి పులిసింది, ఒకటి అలిసింది.

అంతటితో ఆగితే బాగుండేది. కాని రేసు క్లబ్బు కార్యదర్శి బెరిల్ ట్రెంగోవ్ కూడా ఆ గ్రూపులో ఉంది. గుర్రప్పందేల భాషలో స్టార్టరంటే జెండా దించి గుర్రాల్ని వదిలే పెద్దమనిషి. మల్లీ క్రీక్‌లో ఆ పెద్దమనిషి ముసలి క్లెమ్ హాకింగ్. ఒంటరివాడు. ఆ వారం ఫోనందని సముద్రపు ఒడ్డుకి చేపలకి పోయాడు. బెరిల్ కళ్ళు తుడుచుకుని లెస్టర్‌కి ఫోన్ చేసింది.

"నిజమేనా నాయనా?"

"నిజమే. నిన్న పొద్దున్నే ప్రాణం పోయింది."

"ముందుగా ఏం తెలియలేదా?"

"మూలుగు చలికాలం నుంచీ ఉంది. నేనే పట్టించుకోలేదు. పళ్ళు కూడా అరిగిపోయాయి."

"పళ్ళ సంగతి ఊరందరికీ తెలిసిందే. ఇప్పుడు ఎక్కడ?"

"మా షెడ్డులో, బల్ల మీద. విప్పి చూశాను. లోపలంతా మసి."

"సిగరెట్లు," అంది బెరిల్. "చెబుతూనే ఉన్నాను." విప్పి చూశానన్న మాటని ఆవిడ దుఃఖంలో మతి చలించడం కింద జమకట్టుకుంది. "బదులు సంగతి నువ్వు దిగులుపడకు. మేం ఎంపిక చేసేశాం."

లెస్టర్‌కి ఏనుగెక్కినంత సంబరమైంది. ఎంచడం అనే ముళ్ళకంప ఇంకొకరి భుజానికెక్కింది. "మంచి కండిషనేనా?"

"కొంచెం నెమ్మది. కాని నమ్మకస్తుడు."

మోటారుని నమ్మకస్తుడనడం వింతగా తోచినా, పెద్దావిడని ఊరుకున్నాడు. కోస్టాకి ఫోన్ చేసి మూడూ వద్దనేశాడు.

శనివారం బెరిల్ కారు గుమ్మంలో ఆగింది. వెనక సీట్లోంచి ఆవిడ ఒక తెల్లకోటు, ఒక టోపీ, ఒక ఎర్రజెండా తీసింది.

"మోటారేది?" అన్నాడు లెస్టర్.

"మోటారెందుకు నాయనా, జెండా చాలు. కోటు తొడుక్కో. క్లెమ్ కోటే, పొట్ట దగ్గర కాస్త వదులు."

అప్పుడర్థమైంది. ఆయన నోరు తెరిచేలోగా బెరిల్ టోపీ పెట్టేసింది, తోసి కార్లో కూర్చోబెట్టింది. "క్లెమ్ చావలేదేమో," అని దారిలో రెండుసార్లు అన్నాడు. "మన గుండెల్లో చావలేదు," అని రెండుసార్లూ ముక్కు చీదింది బెరిల్.

రేసుమైదానంలో జెండా సగానికి దించి ఉంది. యూకలిప్టస్ ఆకులతో ఒక దండ కూడా సిద్ధం. గేటు దగ్గర డారిల్ ఖాళీ ట్రక్కుతో, నిండా నవ్వుతో నిలబడ్డాడు.

"బావా, కోటు బాగుంది. కారు కనపడదేం?"

లెస్టర్ బదులిచ్చేలోపు మైకులో మౌనం పాటించమన్నారు. టోపీలన్నీ దిగాయి. ఆ నిశ్శబ్దంలో ఒక పాత పికప్ బండి గడగడలాడుతూ వచ్చి ఆగింది. అందులోంచి క్లెమ్ హాకింగ్ దిగాడు. అందరూ నిలబడి ఉండటం చూసి తనూ టోపీ తీసి, లెస్టర్ పక్కన చేరి, తలవంచుకుని గుసగుసగా అడిగాడు.

"ఎవరు పోయారు?"

"మీరే."

"అలాగా. ఎప్పుడు?"

"గురువారం."

"గురువారం నాకు రెండు పెద్ద చేపలు పడ్డాయే," అని ఆలోచనలో పడ్డాడు క్లెమ్.

మౌనం పూర్తిచేయకుండానే బెరిల్ కెవ్వుమంది. ఆ గోలలో, యూనా కార్లో వచ్చి చేరిన మెరెడిత్ కళ్ళు మాత్రం క్లెమ్ మీద లేవు, క్లెమ్ బండి మీద ఉన్నాయి. అదీ పాత హోల్డెనే. అదే ఇంజను.

"క్లెమ్, మీ బండి స్టార్టర్ ఊడదీసుకోనిస్తారా?"

"చచ్చినవాడికెందుకు తల్లీ, తీసుకో. బిగించడానికి నేనూ వస్తాను. సంతాపం జరిగాక వెంటనే డ్యూటీ ఎక్కితే చూడ్డానికి బాగుండదు. ఈ మొదటి పందెం ఒక్కటీ లెస్టరే వదులుతాడు."

మెరెడిత్, క్లెమ్ ఇద్దరూ మోటారు ఊడదీసుకుని యూనా కార్లో ఇంటికి పరుగెత్తారు. లెస్టర్ జెండా పట్టుకుని అరుగెక్కాడు. ఇల్లు దగ్గరే, కాని బోల్టులు బిగించేదాకా పందెం వదలకూడదు. ఏదో ఒకటి నటించాలనుకున్నాడు. నటించే అవసరం రాలేదు.

గుర్రాలు వరసగా నిలబడ్డాయి. వరస తిన్నగా ఉందా? ఉంది. చివరి బూడిదరంగుది ఒక్క ముక్కు ముందుందా? ఉన్నట్టే ఉంది. వెనక్కి పంపించాడు. ఇప్పుడు మిగతావి ముందున్నట్టున్నాయి. వాటినీ పంపించాడు. గాలి ఎటు వీస్తోందో చూశాడు. జెండా కుడిచేత్తో దించాలా, ఎడమచేత్తోనా?

"ఏం తూస్తున్నావయ్యా, గోధుమలా?" అరిచాడొక జాకీ.

"బావా, వదులు," అని డారిల్ కంచె పట్టుకుని ఊగిపోయాడు.

"వదిలితే మళ్ళీ పట్టుకోలేం కదా," అన్నాడు లెస్టర్ నిజాయితీగా. ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. లెస్టర్ సంగతి అందరికీ తెలుసు. కాని ఆయన చూపు మాటిమాటికీ రోడ్డు మీదికే పోతోంది. మామగారి కారు, దాని వెనక ఊదారంగు రెక్క, కళ్ళ ముందు కదులుతున్నాయి.

అప్పుడు దుమ్ము లేచింది. దుమ్ములోంచి హారన్, హారన్ వెనక హోల్డెన్, హోల్డెన్‌లో నల్లటి చేతులతో మెరెడిత్. కారు సొంత ఇంజనుతోనే వచ్చి గెలుపు గీత పక్కన కంచె దగ్గర ఆగింది. లెస్టర్ చెయ్యి దానంతటదే కిందికి దిగింది. గుర్రాలు దూకాయి. ఏ గుర్రం గెలిచిందో పాస్కోలిద్దరూ చూడలేదు.

సాయంత్రం డారిల్ ట్రక్కు ఖాళీగా వెళ్ళలేదు. స్టార్టర్ లేని క్లెమ్ బండిని ఇంటికి చేర్చడానికి పనికొచ్చింది. దానికి మంచి మోటారు చూసి వేయించే బాధ్యత నాదని లెస్టర్ అందరి ముందూ మాటిచ్చాడు. వారాలు గడిచినా ఏది వెయ్యాలా అని ఇంకా ఆలోచిస్తున్నాడు. బండి లేక రోజూ నడవడంవల్ల క్లెమ్ ఒళ్ళు బాగా తేరుకుందని ఊరంతా అంటోంది.