వెనక ఎడమ చక్రానికి మందు

ఆ రోజు పెట్టుకున్న కార్యక్రమం చాలా తేలికైనది. తొమ్మిదిన్నరకు ఇంట్లోంచి బయలుదేరాలి, పదింబావుకల్లా రైల్వే క్లబ్బు హాలు చేరాలి, పదిన్నరకు మావగారికి సన్మానం. ముప్పయ్యారేళ్లు రైలింజను నడిపిన మావగారు తన తప్పువల్ల ఏనాడూ బండిని ఆలస్యం చేయలేదని పాత మిత్రులందరూ కలిసి ఈ సభ తలపెట్టారు. ఆయన్ని అక్కడికి వేళకు చేర్చే బాధ్యత అల్లుడిది.

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆ అల్లుడిని ఇంట్లో అందరూ జాగ్రత్తయ్య అంటారు. నడివేసవిలోనైనా గొడుగు లేకుండా గడప దాటడు. తాళంచెవికి తోడు ఇంకో తాళంచెవి, అది పోతుందేమోనని మూడోది చేయించుకున్న మనిషి. అలాంటివాడిని ముందురోజు భోజనాల దగ్గర మావగారు ఒకే ఒక ప్రశ్న అడిగారు.

"అల్లుడుగారూ, స్టెప్నీలో గాలి చూసుకున్నారా?"

"చూశానండీ మావయ్యగారూ," అనేశాడు జాగ్రత్తయ్య. చూడలేదు. కారు కొని నెల్లాళ్లయినా కాలేదు.

అందుకే ఉదయం ఎనిమిదింటికి, బనీను పైజమాలతోనే వాకిట్లోకి వచ్చి డిక్కీ తెరిచాడు. అడుగున ఉన్న అట్ట పైకెత్తాడు. స్టెప్నీ ఉండవలసిన గుంటలో స్టెప్నీ లేదు! అన్నం క్యారేజీ అంత డబ్బా ఒకటి ఉంది. అందులో గాలి కొట్టే చిన్న మిషను, పాలసీసా లాంటి సీసా, ఒక చిట్టి పుస్తకం. ఈ కారుకు స్టెప్నీ ఇవ్వరనీ, పంక్చరైతే సీసాలో ఉన్న జిగురుమందు టైరులోకి ఎక్కించి గాలి కొట్టుకోవాలనీ పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంది.

జాగ్రత్తయ్య ఖాళీ గుంట వైపు మరోసారి చూశాడు. నిజంగానే దారిలో పంక్చరైతే? మావగారు గడియారం చూసుకుంటూ ఉంటే తను పక్కన నిలబడి పుస్తకం చదవాలా? దానికన్నా ఇప్పుడే ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకుంటే పోదూ!

సీసాను మిషనుకు బిగించాడు. వైరు కారులో గుచ్చాడు. గొట్టాన్ని వెనక ఎడమ చక్రానికి తగిలించాడు. అన్నీ ఎంత చక్కగా అమిరాయో! ఆ సంబరంలో బొటనవేలు మీట మీద పడింది. మిషను గుర్రుమంది. తెల్లటి జిగురు గొట్టంలో సర్రున పాకి, ఏ రోగమూ లేని టైరులోకి దూరిపోయింది. కంగారుగా గొట్టం పీకబోతే మిగిలింది కాస్తా చేతుల మీదా బనీను మీదా చిమ్మింది.

చక్రం పక్కనే గొంతుక్కూర్చుని రెండో పేజీ తిప్పాడు. "మందు ఎక్కించిన వెంటనే ఆపకుండా పది కిలోమీటర్లు నడపవలెను. లేనిచో మందు ఒకేచోట గడ్డకట్టును."

వెంటనే! చెప్పులు గడప దగ్గర ఉన్నాయి, ఫోను వంటింట్లో ఉంది. తాళంచెవి మాత్రం కారుకే ఉంది. పుస్తకం జేబులో కుక్కుకుని, మిషను డిక్కీలో పడేసి, ఒక్క గెంతులో స్టీరింగు ముందు కూర్చుని కారు కదిలించాడు.

వీధి మలుపు తిరిగాడో లేదో, వెనకనుంచి గొంతు వినిపించింది.

"టైముకన్నా ముందే కదిలించారు. శభాష్!"

కారు ఇంచుమించు పాలబూత్ ఎక్కబోయి తప్పుకుంది. వెనక సీట్లో కోటూ టైతో మావగారు! బండి కదిలే వేళకు గంట ముందే ఎక్కి కూర్చోవడం ఆయనకు జీవితమంతా ఉన్న అలవాటు. అల్లుడు చక్రం దగ్గర పుస్తకంలో మునిగి ఉండగా అటువైపు తలుపు తీసుకుని ఎక్కి, సర్దుకుని ఎడమవైపుకు జరిగారు. కళ్లు మూసుకుని ఉపన్యాసం నెమరేసుకుంటున్నారు.

"అత్తయ్యా, అమ్మాయీ రారా?"

"వాళ్లు... వెనకాల వస్తారండీ."

"మీరు ఈ బట్టలతోనే..."

"దారిలో మార్చుకుంటానండీ."

మావగారు మర్యాదస్థులు. అంతకుమించి అడగలేదు. కూడలి దగ్గర పూలకొట్టు కనబడగానే మాత్రం ముందుకు వంగారు. "ఒక్క నిమిషం ఆపండి. మీ అత్తయ్యకు పూలగుత్తి తీసుకోవాలి. నా డ్యూటీ వేళలకు తగ్గట్టు అన్నం వేడిగా ఉంచింది ఆవిడే కదా. ఇవాళ స్టేజీ మీద ఇద్దామని."

"ఆపడానికి లేదండీ మావయ్యగారూ!"

"లేదంటే?"

"ఇంకా ఆరు కిలోమీటర్లు ఆపకూడదు!"

చెప్పడానికి సిగ్గు, ఆపడానికి భయం. జాగ్రత్తయ్య కూడలి చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. మొదటి చుట్టులో మావగారు కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మా, ఒక గుత్తి!" అని అరిచారు. రెండో చుట్టులో, "ఏ రంగు బాబాయ్?" అని పూలావిడ అరిచింది. మూడో చుట్టులో, "ఏదైనా సరే! ఎంత చెప్పినా వీడు ఆపడం లేదమ్మా!" అన్నారు మావగారు. ముప్పయ్యారేళ్ల మర్యాద ఆ ఒక్క చుట్టులో పోయింది. నాలుగో చుట్టులో పూలగుత్తి గాల్లో ఎగిరొచ్చి ఆయన ఒళ్లో పడింది. అయిదో చుట్టు పూర్తి కాలేదు. ట్రాఫిక్ పోలీసు తన మోటారుసైకిలు అడ్డంగా పెట్టాడు.

"దిగు కిందికి!"

"అయ్యో, ఆపితే గడ్డకడుతుందండీ!"

"ఏమిటి గడ్డకట్టేది?"

"మందండీ! ఇందాకే ఎక్కించాను. కదుపుతూ ఉండకపోతే కష్టం!"

పోలీసు జాగ్రత్తయ్య కాళ్లు చూశాడు. చెప్పుల్లేవు. చేతులు చూశాడు. తెల్లటి జిగురు.

"ఎవరికి ఎక్కించావురా?"

జాగ్రత్తయ్య వేలు వెనక్కి చూపించాడు. "వెనకాల... ఎడమవైపు."

వెనకాల ఎడమవైపు, ఒళ్లో పూలతో, ముఖం కందగడ్డలా చేసుకుని మావగారు కూర్చున్నారు.

"నాకెవరూ ఏ మందూ ఎక్కించలేదు!" అని గర్జించారాయన.

"మందు ఎక్కినవాళ్లంతా ఇదే మాట అంటారు బాబాయ్‌గారూ. మీరు కదలకండి," అన్నాడు పోలీసు జాలిగా.

ఇద్దరినీ దగ్గర్లో ఉన్న పోలీసు ఔట్‌పోస్టుకు తీసుకెళ్లారు. ఎక్కడినుంచో డాక్టరు వచ్చి మావగారి కళ్లలోకి టార్చి వేసి చూశాడు, నాలుక చాపించాడు, ఒంటికాలి మీద నిలబెట్టాడు. ఇంతలో వైర్‌లెస్ గరగరలాడింది. కోటు వేసుకున్న పెద్దాయన కారుతో సహా మాయమయ్యారట. ఫిర్యాదు ఇచ్చింది కూతురు. భర్త చెప్పులూ ఫోనూ ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి అతను పెరట్లోనే ఉన్నాడనుకుందట. పోలీసు వెంటనే ఆవిడకు ఫోను కలిపాడు.

"మీ నాన్నగారు క్షేమమమ్మా. ఎత్తుకెళ్లినవాడు దొరికాడు. బనీనూ పైజమా. ఒళ్లంతా ఏదో జిగురు. మందు ఎక్కించినట్టు ఒప్పుకున్నాడు కూడా."

అవతలినుంచి ఆవిడ ఒకటే అడిగింది.

"అతని జేబులో సూచనల పుస్తకం లాంటిదేమైనా ఉందాండీ?"

"ఉంది."

"అయితే మా ఆయనేనండీ."

పోలీసు ఆ పుస్తకం రెండో పేజీ పైకి చదివాడు. డాక్టరు గోడ పట్టుకుని నవ్వాడు. మావగారు నవ్వలేదు.

"అయితే స్టెప్నీ లేదన్నమాట."

"లేదండీ."

మావగారు చేతి గడియారం చూసుకున్నారు. "పది దాటి మూడు నిమిషాలు," అన్నారు. తిట్టి ఉంటే జాగ్రత్తయ్యకు కాస్త ఊపిరాడేది.

పోలీసుకే మనసొప్పలేదు. "నా వెనకాలే రండి!" అని మోటారుసైకిలు ఎక్కి సైరన్ వేశాడు. ముందు కూతపెడుతూ మోటారుసైకిలు, వెనక కారు! లారీలు పక్కకు జరిగాయి, బస్సులు దారి ఇచ్చాయి. మావగారు సీటు అంచుకు జరిగి, తనకు తెలియకుండానే, "లైన్ క్లియర్! పోనీ, పోనీ!" అంటున్నారు. పది ఇరవై ఎనిమిదికి హాలు ముందు దిగారు. ఆ రాకడ చూసి పాత మిత్రులు నోళ్లు తెరిచారు.

భార్యా అత్తగారూ టాక్సీలో అప్పటికే వచ్చి ఉన్నారు. భార్య హడావుడిలో చొక్కా తెచ్చింది గానీ ప్యాంటు మరిచిపోయింది. పైన ఇస్త్రీ చొక్కా, కింద చారల పైజమాతో జాగ్రత్తయ్య ఆఖరి వరసలో, వీలైనంత చిన్నగా కూర్చున్నాడు.

పదిన్నర అయింది. పదీ నలభై అయింది. ముఖ్య అతిథి జాడ లేదు. చివరికి కార్యదర్శి చేతిలో ఫోనుతో మైకు ముందుకొచ్చాడు.

"క్షమించాలి. ముఖ్య అతిథిగారి కారు దారిలో పంక్చరైందట. స్టెప్నీ లేదట. సీసా, మిషను ఏవో ఉన్నాయట. వాటినేం చేయాలో ఆయనకీ డ్రైవరుకీ కూడా తెలియడం లేదట. ఇక్కడెవరికైనా..."

హాలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. స్టేజీ మీద మావగారు లేచి నిలబడ్డారు.

"మా అల్లుడికి తెలుసు!" అన్నారు. ఆ గొంతులో అంత గర్వం అత్తగారు కూడా ఎప్పుడూ వినలేదు. "చేసి చూసిన మనిషి. రండి బాబూ!"

చారల పైజమా స్టేజీ ఎక్కింది. ఫోను మైకు దగ్గర పెట్టారు. "ముందు సీసా బాగా కుదపండి... బిగించారా?... గొట్టం వాల్వుకు తగిలించండి... చొక్కాకు దూరంగా!... ఇప్పుడు మీట నొక్కండి!" లౌడ్‌స్పీకర్లలోంచి గుర్రుమని మిషను మోగింది. హాలు లేచి చప్పట్లు కొట్టింది. ముందు వరసలో ఓ రిటైర్డు గార్డు ఉండబట్టలేక ఈల ఊదేశాడు.

ఆ సందట్లోనే మావగారు కిందికి దిగి అత్తగారి చేతిలో పూలగుత్తి పెట్టారు.

"ఇలా నలిగిపోయాయేమిటండీ?"

"గాల్లో వచ్చాయిలే," అన్నారాయన.

ముఖ్య అతిథి యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చి, కాలం విలువ గురించి గంటా పది నిమిషాలు మాట్లాడారు.