కానుగ చెట్టు కింద నాలుగు జెండాలు

ఆ ఆదివారం పొద్దున సదానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. పార్కులో చెరువు పక్కనున్న కానుగ చెట్టు నీడ పట్టుకోవాలి. అల్లుణ్ణి అక్కడ కూర్చోబెట్టి బగారన్నం, కోడికూర పెట్టాలి. కడుపు నిండిన అల్లుడు కాస్త మెత్తబడగానే, గోదావరిఖని ఎంత చక్కటి ఊరో చెవిలో వేయాలి. అంతే. పెద్ద పెద్ద గొడవలన్నీ ఇలాంటి చిన్న పథకాలతోనే మొదలవుతాయని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదనుకోండి.

అల్లుడు కిషన్‌కు ఇక్కడి కరెంటు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. చేరతాడో, హైదరాబాదులోనే ఉండిపోతాడో సోమవారం తేల్చి చెప్పాలి. కూతురు రమకు రావాలనే ఉంది. మనవరాలు హర్షిణికైతే తాత ఉన్నదే ఊరు. కిషన్ మాత్రం రాత్రి అన్నం తింటూ, "పిల్ల యాడ ఆడుకుంటది మామా, బొగ్గు దుమ్ములనా?" అన్నాడు. ఆ మాటతో సదానందానికి నిద్ర పట్టలేదు. దుమ్ము ఒకప్పటి మాట. ఇప్పుడు ఊరెంత పెరిగింది! కొత్త కాలనీలు వచ్చాయి, నడవడానికి బాట వేశారు, చెరువులో పడవలు తిరుగుతున్నాయి, పిల్లలకు జారుడుబండలు, ఊయలలు. మనవరాలు ఆ ఊయలలో ఊగుతుంటే చూడాలని ముసలాయన ఆరాటం.

చిక్కంతా ఆ కానుగ నీడతోనే. ఆదివారం వస్తే దానికి పెళ్లి మండపానికున్నంత గిరాకీ. పోయిన వారం సదానందం బస్సు సీటుకు వేసినట్టు అక్కడ తువ్వాల వేసి, సద్ది తెచ్చుకోవడానికి ఇంటికెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఎవరో కుటుంబం చెట్టు కింద భోంచేసి, ఆ తువ్వాలతోనే చేతులు తుడుచుకుంటోంది. పైగా "మీదా కాకా? మస్తు మెత్తగున్నది" అని తడి తువ్వాల చేతిలో పెట్టారు.

ఈసారి తువ్వాలను నమ్ముకునేది లేదనుకున్నాడు. సదానందం నేలను పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు పని చేసి రిటైరైనవాడు. మందు పేల్చే ముందు చుట్టూ ఎర్రజెండాలు పాతి, మనుషులను దూరం పంపడం ఆయన డ్యూటీ. పాతబడ్డ జెండాలు కొన్ని ఇంటికి చేరితే, భార్య అనసూర్య వాటి అంచులు కుట్టి వంటింట్లోకి వాడుకుంటోంది. ఈ ఊళ్లో దేవుడికి మొక్కనివాడు ఉంటే ఉంటాడు గాని, ఎర్రజెండా దాటేవాడు ఉండడు. 'జెండా కనబడితే ఎవడైనా ఆగుతడు' అనుకున్నాడు సదానందం. ఎందుకు ఆగుతాడన్నది మాత్రం ఆలోచించలేదు. వంటింట్లో చేతికందిన నాలుగు జెండాలు కర్రలకు కట్టి, తెల్లవారకముందే వెళ్లి చెట్టు చుట్టూ పాతేసి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

కాసేపటికి రాజం వాకింగుకు వచ్చాడు. గనిలో సూపర్‌వైజరుగా చేసిన మనిషి. జెండాలు చూడగానే కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి, చేతులు వాటంతటవే చాపుకున్నాయి. "అందరు ఎనుకకు నడువున్రి" అన్నాడు. అక్కడున్నదంతా గనుల జనమే కాబట్టి ఒక్కరు కూడా ప్రశ్న వేయలేదు. యోగా చేస్తున్నవాళ్లు చాపలు చుట్టేశారు. పడవలాయన పడవలు కట్టేశాడు. పార్కు ఖాళీ అయింది.

ప్రశ్నలు గేటు బయటికొచ్చాక మొదలయ్యాయి. పార్కులో బ్లాస్టింగు ఎందుకని ఒకరన్నారు. కింద బొగ్గు పడ్డదేమోనని ఇంకొకరన్నారు. 'ఏమో' అన్న మాట టీ కొట్టు దాటేలోపే రాలిపోయింది. అదే సమయానికి, ఎవరింట్లోనో బోరు వేయడానికి పోతున్న లారీ ఒకటి చాయ్ కోసం అక్కడ ఆగింది. అంత పెద్ద డ్రిల్లింగు మిషను కళ్ల ముందే నిలబడితే ఇక అనుమానం దేనికి? ఓపెన్‌కాస్టు పార్కు మీదికి వస్తోందని తేలిపోయింది. యూనియన్ లీడరు మొగిలి పరుగున వచ్చాడు. టెంటూ మైకూ ఆయన ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

సదానందం కుటుంబం గిన్నెలతో ఆటో దిగేసరికి గేటు ముందర జాతర.

"ఏమైంది రాజం?" అన్నాడు సదానందం.

"ఇంకేమున్నది సదన్నా. పార్కు పాయె. బొగ్గు కోసం తవ్వుతరట. లోపట జెండాలు పాతిన్రు."

సదానందం రాజం చెవి దగ్గరికి వంగాడు. "ఎన్ని జెండాలు?"

"నేను చూసినయి కొన్నే. నలభై ఉన్నయంటున్నరు అందరు."

నలభై అనగానే సదానందానికి ప్రాణం లేచొచ్చింది. తను పాతినవి నాలుగే, కనుక ఇవి తనవి కావు. ఆ ఊరట తీరకముందే కిషన్ నిట్టూర్చాడు.

"చూసినవా మామా? ఉన్న ఒక్క పార్కు గూడ బొగ్గుల పాయె. ఇగ హైదరాబాదే నయం."

హర్షిణి తాత చెయ్యి పట్టుకుని, మూసిన గేటు సందులోంచి ఊయల వైపు చూస్తోంది. సదానందానికి ఆ చూపుతో ఒళ్లు మండిపోయింది. గిన్నె రమ చేతిలో పెట్టి, జనాన్ని తోసుకుంటూ టెంటులోకి పోయి, మొగిలి చేతిలోని మైకు గుంజుకున్నాడు.

"నా బతుకంత జెండాలు పాతిన చెయ్యి ఇది" అన్నాడు. "ఎన్నడన్న పిల్లలు ఆడుకునే జాగల పాతిన్నా? పాతినోడు మనిషేనా? వానికి పిల్లల్లేరా, మనుమరాండ్లు లేరా? వాడు ఇక్కడికి వచ్చి జవాబు చెప్పేదాక నేను కదల."

చప్పట్లు మోగిపోయాయి. ఎవరో ఆయన మెడలో దండ కూడా వేశారు. అనసూర్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషి నలుగురిలో ఇంత మాట్లాడటం ఆమె చూడలేదు.

మున్సిపల్ ఆఫీసరు చెమటలు కక్కుతూ దిగాడు. తవ్వకం సంగతి తనకు తెలియదన్నాడు. తెలియదంటే ఊరుకుంటారా? జనం గట్టిగా అరిచేసరికి మైకు తీసుకుని, పార్కు అంగుళం కూడా కదలదని మాటిచ్చాడు. అరుపులు తగ్గకపోతే కొత్త ఊయలలు వేయిస్తానన్నాడు. ఇంకా తగ్గకపోతే చెరువు చుట్టూ లైట్లన్నాడు. ఆ ఊపులోనే, "అసలు ఆ జెండాలేంటో నేనే చూస్తా" అని గేటు తీయించి లోపలికి పోయాడు. పాపం, వేరే ఊరి నుంచి వచ్చినవాడు, జెండా దాటకూడదని తెలియదు. ఒకటి పీకి తెచ్చి, మైకు ముందు అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు.

ఎర్రగుడ్డ. అంచుకు నీలం దారం. మధ్యలో నూనె మరక.

అనసూర్య రెండడుగులు ముందుకేసి, గుడ్డను చేత్తో తడిమి చూసింది.

"ఏమయ్యా, ఇది మన మామిడికాయ తొక్కు జాడి మీది గుడ్డ గదా. పొద్దటిసంది ఇల్లంత దేవులాడుతున్న."

మెల్లగానే అన్నది. కాని మైకు ఆ మాటను నాలుగు బజార్ల దాకా మోసుకుపోయింది.

సదానందం మెడలో దండ ఒక్కసారిగా బరువెక్కింది. పాతినవాడు వచ్చి జవాబు చెప్పాలని అడిగింది తనే. వచ్చి నిలబడ్డదీ తనే. "జాగ పోతదని పాతిన" అన్నాడు నేల చూపులు చూస్తూ. "అల్లునికి నీడ కావాలని."

మొదట నవ్వింది రాజం. తర్వాత టెంటు కర్ర పట్టుకుని మొగిలి నవ్వాడు. తర్వాత నవ్వనివాడు ఆఫీసరు ఒక్కడే. ఇచ్చిన మాటలు వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాడు గాని, ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు.

కిషన్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, మామ దగ్గరికొచ్చాడు. సదానందం తలెత్తలేదు.

"ఇజ్జత్ తీసిన కదా అల్లుడా. నువ్వు హైదరాబాదుకే పో."

"హైదరాబాదుల మా గల్లి పార్కు కబ్జా చేసి షెడ్డు లేపిన్రు మామా. ఒక్కడు కిటికీ తీసి చూడలే. నేను గూడ తీయలే" అన్నాడు కిషన్. "ఇక్కడ నాలుగు గుడ్డలకు ఊరంత వచ్చి కూసున్నది. రేపు ఫోన్ చేసి వస్తున్ననని చెప్త. పిల్ల ఇక్కడనే పెరుగుతది."

సదానందం ఏడ్చేశాడు. అందరి ముందర, దండ మెడలో ఉండగానే. బగారన్నం ఆ రోజు ధర్నాకొచ్చిన వాళ్లందరికీ తలా ఒక ముద్ద వచ్చింది.

కిషన్ కుటుంబం సామానుతో దిగిన తర్వాతి ఆదివారం, అందరూ గిన్నెలు సర్దుకుని పార్కుకు పోయారు. కొత్త ఊయలలు వచ్చాయి. చెరువు చుట్టూ లైట్లు వచ్చాయి. ప్రతి చెట్టు చుట్టూ నాలుగేసి ఎర్రజెండాలు రెపరెపలాడుతున్నాయి. కానుగ చెట్టు కింద రాజం కుటుంబం గారెలు తింటోంది.

జెండా దాటే అలవాటు లేక సదానందం వాళ్లు గేటు బయట, ఎండలో చాప పరుచుకుని తిన్నారు.