పొగబండిలో పెళ్లిరోజు

భర్తకి రైలింజన్ల పిచ్చి ఉండటం ఏ ఇల్లాలికైనా గొప్ప అదృష్టం! నవ్వకండి. ఆలోచించి చూడండి.

గోల్ఫ్ ఆడే భర్త ఆదివారం పొద్దున్నే మాయమవుతాడు. ఎటు పోయాడో, ఎవరితో పోయాడో! స్టాక్ మార్కెట్ భర్త అన్నం దగ్గర కూడా పేపర్ దించడు. కొత్తగా వీసీఆర్ కొన్న భర్త సంగతి సరేసరి, సోఫా మీద అతని ఆకారం అచ్చుపడిపోతుంది. రైళ్ల భర్త అలా కాదు. ఎప్పుడు వెతికినా పట్టాల పక్కనే దొరుకుతాడు. అతని మనసు దోచుకున్న ఆ ఇనప సుందరి ఇంటికి ఫోన్ చేయదు. పండక్కి చీర అడగదు. బొగ్గూ నీళ్లూ తప్ప ఏమీ కోరదు. ఇంతకన్నా మర్యాదస్తురాలైన సవతి ఎక్కడ దొరుకుతుంది?

అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే ఆండాళ్‌కి ఈ అదృష్టం నిండుగా ఉంది. ఆమె భర్త నరసింహం కార్ల కంపెనీలో ఇంజనీరు. వారంలో ఐదు రోజులు కార్లకి బ్రేకులు డిజైన్ చేస్తాడు. మిగిలిన రెండు రోజులూ, మెడలో కెమెరాతో, బ్రేకులన్నవి లేకుండా రైళ్ల వెంట పడతాడు.

ఎనభై మూడు అక్టోబరులో వాళ్ల పెళ్లై పదేళ్లు నిండాయి. పదో పెళ్లిరోజుకి మామూలు భర్తలు ఏం చేస్తారు? నగ కొంటారు. లేదంటే నయాగరా చూపిస్తారు. నరసింహం రెండు టికెట్లు తెచ్చి ఆండాళ్ చేతిలో పెట్టాడు. ఒహాయోలో స్టీమింజన్ ఎక్స్‌కర్షన్! పొద్దుట బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావడం!

"మెయిన్ లైన్ మీద, ఆండాళ్! పార్కులో పిల్లల్ని తిప్పే బొమ్మ రైలనుకున్నావా? రోజూ డీజిల్ గూడ్సులు తిరిగే అసలు ట్రాక్ మీద స్టీమింజన్! మళ్లీ దొరకమన్నా దొరకదు."

ఆండాళ్ తెనాలి పిల్ల. గుంటూరు కాలేజీకి రోజూ బొగ్గింజన్ పొగ పీలుస్తూనే వెళ్లి బీయే పాసైంది. ఆ మసి వదిలించుకోవడానికి శనివారం శనివారం కుంకుడుకాయలతో కుస్తీ పట్టింది. ఇప్పుడు అదే మసిని డాలర్లిచ్చి కొనుక్కోవడం! జీవితంలో పైకి రావడమంటే ఇదే కదా!

అయినా ఆమె ఎదురు చెప్పలేదు. తన కోరిక ఒకటుంది మరి.

"వస్తాను. కానీ ఆ రోజు నన్నొక ఫోటో తీయాలి. తలతో సహా."

ఆ చివరి మాటకి కారణం ఉంది. వాళ్లింట్లో క్లోజెట్ నిండా ఫోటో స్లైడ్ల పెట్టెలే. అన్నిట్లోనూ ఇంజన్లే. ఆండాళ్ ఒకే ఒక్క స్లైడ్‌లో ఉంది. చక్రం ఎంత ఎత్తుందో చూసేవాళ్లకి తెలియాలని నరసింహం ఆమెని దాని పక్కన నిలబెట్టాడు. చక్రం పూర్తిగా వచ్చింది. ఆండాళ్ మెడ దాకా వచ్చింది.

"ఓస్, అంతేనా! ఫిలిం రోలుకి రోలు తీస్తాను!" అన్నాడు నరసింహం.

ఆ రోజు ఆమె ఎర్రంచు చిలకపచ్చ పట్టుచీర కట్టుకుంది. మొదటి పెళ్లిరోజుకి నరసింహం మద్రాసులో ఎవరినీ వెంటబెట్టుకోకుండా వెళ్లి, తనే ఎంచి తెచ్చిన చీర. దాని మీద కోటు వేసుకున్నా కుచ్చిళ్లు కనపడుతూనే ఉన్నాయి. కారు తీస్తూ నరసింహం ఆమె వైపు తిరిగి, ఆమె భుజం మీదుగా ఆకాశాన్ని చూసి, "లైట్ బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు.

స్టేషన్లో ఇంజన్ నల్లగా నిగనిగలాడుతూ బుసలు కొడుతోంది. దాని చుట్టూ దేవుడి ఊరేగింపుకి చేరినట్టు జనం. ఆండాళ్ కోటు విప్పి చేతి మీద వేసుకుంది.

"ఏమండీ, ఇక్కడ నిలబడనా?"

"కొంచెం పక్కకి జరుగు. నంబర్ ప్లేట్‌కి అడ్డమొస్తున్నావ్."

జరిగింది. ఇంకా జరగమన్నాడు. అలా జరిగి జరిగి చివరికి వాళ్ల రైలు పెట్టె మెట్ల దగ్గర తేలింది. సీటు చూపించడానికి ఇంతకన్నా నాజూకైన పద్ధతి ఉందా?

రైలు బయల్దేరాక నరసింహం కళ్లకి గాగుల్స్ పెట్టుకుని, పెట్టె గుమ్మం దగ్గర తల బయటపెట్టి నిలబడిపోయాడు. అతని సీట్లో కెమెరా సంచీ కూర్చుంది. అదీ ఒకందుకు మంచిదే. సంచీ గురక పెట్టదు, కిటికీ సీటు కోసం పోటీకి రాదు.

తెరిచిన కిటికీల్లోంచి మసి లోపలికి వస్తోంది. మేపుల్ చెట్లు ఎర్రగా మండుతున్నాయని కాసేపు తల తిప్పి చూస్తే కంట్లో నలుసు. ఆండాళ్ పులిహోర డబ్బా మూత తీసింది. మూత పెట్టేలోపు ఆవాలెన్నో బొగ్గు నలుసులెన్నో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఎదురు సీట్లో ఎర్ర టోపీ పెట్టుకున్న అమెరికన్ పెద్దాయన దాన్నే రెండుసార్లు పెట్టించుకుని తిని, స్పైసెస్ అద్భుతంగా ఉన్నాయన్నాడు.

వంతెన వచ్చింది. "ఏమండీ, ఇప్పుడు తీస్తారా?" లైట్ ఎదురుగా ఉందన్నాడు. మలుపు వచ్చింది. ఫిలిం మార్చుకోవాలన్నాడు. "తిరిగొచ్చేటప్పుడు తీస్తాలే. నువ్వెక్కడికి పోతావ్?"

నిజమే. ఇంజన్ వెళ్లిపోతుంది. భార్య ఎక్కడికి పోతుంది?

మధ్యాహ్నం ఒక మొక్కజొన్న చేను పక్కన రైలాగింది. ఇలాంటి ప్రయాణాల్లో ఇదొక వేడుక. ప్రయాణికులంతా కెమెరాలతో కిందకి దిగుతారు. చేలో కట్టిన తాడు వెనక వరుసగా నిలబడతారు. ఖాళీ రైలు కొంత దూరం వెనక్కి వెళ్లి, పొగలు కక్కుతూ వాళ్ల ముందునుంచి రయ్యిన దూసుకుపోతుంది. అందరూ ఫోటోలు తీస్తారు. ఆ తర్వాత రైలు మళ్లీ వెనక్కి వచ్చి వాళ్లని ఎక్కించుకుంటుంది. ఎక్కిన రైల్లోంచి దిగి, ఆ రైలు తమని వదిలి వెళ్లిపోతుంటే చూసి పరవశించిపోవడం! మనవాళ్లకి ఇంత వేదాంతం ఎప్పుడు అబ్బుతుంది?

"దిగు, దిగు! త్వరగా!" అన్నాడు నరసింహం.

"ఇద్దరం దిగితే సీట్లు?"

"ఇది అమెరికా ఆండాళ్! నీ సీటు ఎవరూ ఎత్తుకుపోరు."

"ఎత్తుకుపోరు. కూర్చుంటారు. మీరు దిగండి, నేను కాస్తాను."

రైలాగితే ఒకరు మంచినీళ్లకి దిగాలి, ఒకరు సీటు కాయాలి. తెనాలి ప్లాట్‌ఫారం మీద నేర్చుకున్న చదువు అది, ఏ డిగ్రీకీ కొట్టుకుపోయేది కాదు. ఈ వాదన జరుగుతుండగానే పైన లౌడ్‌స్పీకర్ ఏదో చెప్పింది. లోపల ఉండిపోయేవాళ్లు కిటికీలకి దూరంగా కూర్చోవాలని, ఫోటోల్లో ఎవరూ కనపడకూడదని. ఆండాళ్ వినలేదు. విన్న నరసింహానికి చెప్పే తీరిక లేదు. మంచి చోటు పోతుందని చేలో పడి పరుగెత్తాడు.

రైలు వెనక్కి కదిలింది. ఇంతమందినీ చేలో వదిలేసి పోతున్నాడేమిటి ఈ డ్రైవరు? అంతలోనే రైలాగింది. పెద్ద కూత. ఈసారి ముందుకి, ఊగిపోతూ, దడదడలాడుతూ.

దూరంగా తాడు. తాడు వెనక మనుషులు. మనుషుల ముఖాలుండాల్సిన చోట కెమెరాలు. అన్నీ తన వైపే!

వాటి మధ్య నరసింహం నీలం స్వెటర్ కనపడింది. అప్పుడు అర్థమైంది ఆమెకి. ఆ రోజు అతని కెమెరా మొదటిసారి తను ఉన్న వైపు తిరిగింది. లైట్ ఉంది. ఫిలిం ఉంది. అడ్డం రావడానికి నంబర్ ప్లేటు లేదు. ఆండాళ్ కోటు విసిరేసి, నడుం దాకా కిటికీలోంచి బయటికి వంగి, చెయ్యి ఊపుతూ, నవ్వుతూ, ఇంజన్ని మించిన గొంతుతో అరిచింది.

"ఏమండీ! ఇటు! ఇటు చూడండీ!"

ఆ తాడు దగ్గర ఉన్నవాళ్లలో సగం మంది కెమెరాలతో పాటు టేప్ రికార్డర్లు కూడా తెచ్చుకున్నారు, ఇంజన్ చప్పుడు పట్టుకుపోదామని. ఈనాటికీ ఒహాయో ఇళ్లలో ఆ క్యాసెట్ పెడితే, కూతకీ చక్రాల చప్పుడుకీ నడుమ ఒక తెలుగు ఇల్లాలి పిలుపు వినిపిస్తూ ఉంటుంది.

తిరిగి ఎక్కిన నరసింహం ముఖం చూడాలి! మసి లేని చోటల్లా ఎర్రగా ఉంది.

"అందరి షాటూ పాడుచేశావ్! ఎంత సిగ్గుచేటు!"

"మీ దాంట్లో పడ్డానా?"

"పడ్డావ్! సరిగ్గా మధ్యలో!"

"తల వచ్చిందా?"

నరసింహం గుమ్మం దగ్గరికి వెళ్లిపోయాడు. ఎర్ర టోపీ పెద్దాయన మాత్రం, ఈ షాట్ కోసం ఏడాదిగా ఎదురుచూశానమ్మా అని నిట్టూర్చి, ఇంకొంచెం పులిహోర ఉందా అని అడిగాడు. ఆండాళ్ డబ్బా మొత్తం ఇచ్చేసింది. మిగిలిన దారంతా కిటికీ దగ్గర మహారాణిలా కూర్చుంది.

మూడో వారంలో ల్యాబ్ నుంచి స్లైడ్లు వచ్చాయి. శనివారం భోజనాలకి స్నేహితులు శ్రీధర్, నళిని దంపతుల్ని పిలిచారు. భోజనాలయ్యాక, పారిపోయే వీలు లేకుండా లైట్లార్పి, నరసింహం ప్రొజెక్టర్ వేశాడు. ఇంజన్ ముందునుంచి. ఇంజన్ పక్కనుంచి. ఇంజన్ పొగ. ఇంజన్ పోయాక మిగిలిన పొగ. శ్రీధర్ గురక మొదలైంది.

టక్కున గోడ నిండా చిలకపచ్చ మెరిసింది. నల్లటి పొగ కింద, కిటికీలోంచి వంగి, కొంగు గాలికి ఎగురుతుంటే పకపకా నవ్వుతున్న ఆండాళ్.

"అబ్బ! ఎవరండీ ఈ అందగత్తె?" నళిని లేచి కూర్చుంది. శ్రీధర్ కూడా కళ్లు తెరిచాడు.

"సారీ, ఇది తీసెయ్యాల్సింది. మధ్యలో మనిషి పడి చెడిపోయింది." నరసింహం చెయ్యి బటన్ మీదకి పోయింది.

"మార్చారంటే ఊరుకోను! బంగారంలాంటి ఫోటో! ఉంచండి."

ఉంచక తప్పలేదు. ఇక చేసేదేం లేక, ఫోకస్ సరిచేస్తూ, నరసింహం కూడా గోడ వైపు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. కాసేపయ్యాక మెల్లిగా అడిగాడు.

"ఈ చీర బావుందే, ఆండాళ్. కొత్తదా?"

"ఇంకాసేపు ఉంచండి," అంది ఆండాళ్.

చూశారా రైలింజన్ మహిమ! పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పక్కనే మెరిసిన చీర కనపడని మనిషికి, గోడంత చేసి చూపించి కన్ను తెరిపించింది. ఈ పని నగల కొట్టువాడి వల్ల అవుతుందా? నయాగరా వల్ల అవుతుందా?

కాబట్టి సోదరీమణులారా, మీవారు పొగబండి ఎక్కమంటే మారు మాట్లాడకుండా ఎక్కండి. దిగమన్నప్పుడు మాత్రం దిగకండి.